మా అమ్మాయితో కామకురలో ఒక రోజు

మా తాండూరులో సముద్రం గురించి అడిగితే చాలామంది "ఆ, ఒకసారి తీర్థానికి పోయినప్పుడు చూసినం" అంటారు. నా లెక్కా అంతే. పెళ్లయిన పదేళ్లకు రామేశ్వరంలో ఒక్కసారి, అదీ చీర కుచ్చిళ్లు తడవకుండా పట్టుకుని గట్టు మీంచి. మాకు తెలిసిన నీళ్లు కాగ్నా నది, కోట్‌పల్లి చెరువు. అలాంటిది యాభై రెండేళ్ల వయసులో ఒక్కదాన్నే విమానం ఎక్కి, బ్యాంకాక్‌లో ఇంకో విమానం మారి, జపాన్‌లో దిగాను. 2024 అక్టోబర్‌లో. చూడటానికి పోలేదు. మా అమ్మాయికి ఐదో నెలలో కడుపు పోయింది. అందుకని పోయాను.

సామాను సర్దేటప్పుడే ఫోన్లో చెప్పింది, పచ్చి పప్పులు, విత్తనాలు, పళ్లు ఏవీ పెట్టుకోవద్దు, విమానాశ్రయంలో ఆపేస్తారు అని. తాండూరు కందిపప్పు లేకుండా ఇల్లు కదలడం నాకు అదే మొదలు. దానికి 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అయినా పెట్టెలోకి రానివ్వలేదు. సకినాలు, కారప్పూస, పల్లి పొడి, అల్లం పచ్చడి పెట్టుకుని పోయాను. వాళ్లుండేది టోక్యోలో నిషికసాయి అనే చోట. మనవాళ్లు ఎక్కువ ఉంటారు, ఇండియన్ దుకాణాలున్నాయి, కందిపప్పూ దొరుకుతుంది. మనది కాదని ఉడికేటప్పుడు వాసనే చెప్తుంది గానీ, పప్పు పప్పే.

మొదటి పది రోజులు బాగానే గడిచాయి. వండి పెట్టాను, తలకు నూనె పెట్టాను, ఆమె పడుకుంటే పక్కన కూర్చున్నాను. అక్కడ నాలుగో నెల దాటి కడుపు పోయినా కాన్పు కిందే లెక్కట, ఎనిమిది వారాలు సెలవిస్తారు. ఇది విని నేను ఆశ్చర్యపోయాను. మన దగ్గర ఎంతమంది ఆడవాళ్లు మూడో రోజుకు పొయ్యి దగ్గరికి వచ్చారో మీకూ తెలుసు.

పదకొండో రోజు బట్టలు మడతపెట్టి అలమారాలో పెడుతుంటే, పై అరలో ఒక చిన్న తెల్ల గుడ్డ సంచి కనిపించింది. అందులో అరచేతిలో పట్టేంత పింగాణి డబ్బా.

"ఇదేంది బిడ్డా?" అన్నాను.

"అది బాబు, అమ్మా" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. జపాన్‌లో పన్నెండు వారాలు దాటిన తర్వాత ఇలా జరిగితే ఏడు రోజుల్లో ఆఫీసులో కాగితం ఇవ్వాలి. నాలుగో నెల దాటితే దహనమో ఖననమో చట్టప్రకారం చేయాలి. వీళ్లిద్దరూ పోయి అన్నీ చేయించి, మిగిలిన పిడికెడు అస్థికలు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నారు. అక్కడ చాలామంది అలాగే కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుంటారట. ఇవన్నీ ఆమె తర్వాత చెప్పింది. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఎవరన్నా ఇంట్ల పెట్టుకుంటరా? పారే నీళ్లల్ల కలపాలె గదా. ఇట్ల పెట్టుకుంటే మంచిది గాదు."

ఆమె ఏమీ అనలేదు. డబ్బా నా చేతిలోంచి తీసుకుని మళ్లీ సంచిలో పెట్టి, అదే అరలో పెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులు "టీ తాగుతవా", "స్నానానికి వేడి నీళ్లు వస్తున్నయి", ఇంతే మాటలు. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి "అత్తమ్మా, జొన్న రొట్టెలు చేస్తరా?" అని నవ్వించబోయాడు. నవ్వు రాలేదు.

నాకు తెలుసు తప్పు మాట్లాడానని. కానీ దిద్దుకోవడం రాలేదు. మా తరం ఆడవాళ్లకు బిడ్డల దగ్గర "తప్పయింది" అనే మాట నోట్లోంచి రాదు, దానికి బదులు వంకాయ కూర చేస్తాం. అదీ చేశాను.

ఐదో రోజు పొద్దున ఆమే వచ్చి, "అమ్మా, రేపు కామకుర పోదాం. సముద్రం ఒడ్డున ఊరు. నువ్వు వచ్చినప్పటి సంది ఇంట్లనే ఉన్నవ్" అంది.

కామకుర టోక్యోకు దక్షిణాన, రైల్లో గంట దూరం. దాదాపు నూటయాభై ఏళ్లు, 1333 దాకా, జపాన్‌ను ఏలిన సైన్యాధిపతుల రాజధాని అదే. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఇప్పుడు చిన్న ఊరు. గుళ్లు మాత్రం ఎటు చూసినా ఉన్నాయి. కార్తీక మాసం నడుస్తోంది, మా దగ్గర అనంతగిరి జాతర రోజులు. ప్రతి ఏడూ ఆ నెలలో ఒకసారైనా వికారాబాద్ పోయి అనంత పద్మనాభస్వామిని చూసి, కోనేటి నీళ్లు నెత్తిన చల్లుకుని వచ్చేదాన్ని. ఈసారి ఆ కొండ బదులు ఈ కొండలు అనుకున్నాను.

ముందు తీసుకుపోయింది డబ్బులు కడిగే గుడికి. నిజంగానే, డబ్బులు కడుగుతారు. జెనియారై బెంటెన్ అంటారు. స్టేషన్ నుంచి ఇళ్ల మధ్యలోంచి ఇరవై నిమిషాలకు పైగా నడక, చివర నిట్టనిలువు ఎత్తు. కొండను తొలిచిన సొరంగంలోంచి లోపలికి పోవాలి. అవతల గిన్నెలాగా ఒక చోటు, అందులో గుహ, గుహలో ఊట. అక్కడ చిన్న వెదురు బుట్టలో చిల్లర వేసి, గరిటెతో నీళ్లు పోసి కడిగితే ఆ డబ్బు రెట్టింపై తిరిగొస్తుందట. 1185లో, పాము సంవత్సరం, పాము నెల, పాము రోజున యోరితోమో అనే అధిపతికి కలలో కనిపించి ఈ నీళ్ల సంగతి చెప్పారని కథ.

నాకు తమాషా అనిపించింది ఏంటంటే, ఆ బెంటెన్ మన సరస్వతీ దేవే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది. వీణ బదులు అక్కడి బివా పట్టుకుంటుంది. చదువుకు, సంగీతానికి తోడు డబ్బు కూడా ఆమె చేతిలోనే పెట్టారు. మన దగ్గర సరస్వతి ఉన్నచోట లక్ష్మి ఉండదని సామెతలా చెప్పుకుంటాం, వాళ్లు ఇద్దరినీ ఒక్కరినే చేసి గొడవ లేకుండా చేసుకున్నారు. నేను కొంగున కట్టుకున్న వంద రూపాయల నోటు తీసి కడిగాను. మా అమ్మాయి వెయ్యి యెన్ల నోటు కడిగింది. నోట్లు తడిసి ముద్దవుతాయేమో అని నేను రెండు చుక్కలే పోశాను. పక్కన ఒక పెద్దాయన ఏకంగా పర్సంతా ఖాళీ చేసి కడుగుతున్నాడు.

"రెట్టింపు అయినంక నాకు సగం ఇయ్యాలె" అంది మా అమ్మాయి. ఐదు రోజుల తర్వాత అదే మొదటి పరాచికం. నేను ఆ నోటు ఇంకా ఖర్చు పెట్టలేదు.

మళ్లీ స్టేషన్‌కు వచ్చి ఎనోడెన్ అనే చిన్న రైలు ఎక్కాం. మీరెవరైనా పోతే ఈ రైలు తప్పకుండా ఎక్కండి. 1902లో మొదలైంది, మొత్తం పది కిలోమీటర్లు, పదిహేను స్టేషన్లు, ఒకటే పట్టా. ఎదురు రైలు వస్తే ఒకటి ఆగి ఇంకోదానికి దారిస్తుంది. ఇళ్ల పెరళ్లలోంచి పోతుంది. కిటికీలోంచి చెయ్యి చాపితే ఎవరిదో దండెం మీది తువ్వాలు అందేంత దగ్గర. ఇంకా ముందుకు పోతే ఒకచోట రోడ్డు మీదే, కార్ల మధ్యలోనే నడుస్తుందట. కామకురలో ఎక్కితే ఎడమ వైపు కూర్చోండి, సముద్రం అటే వస్తుంది.

హసే అనే స్టేషన్‌లో దిగి, ముందు సముద్రం దగ్గరికి పోయాం, తినడానికి. పూరీలు, ఆలుగడ్డ కూర చేసుకుని పోయాను. ఊళ్లో హోటళ్ల ముందు షిరాసు అని బోర్డులు. వేలెడు కూడా ఉండని తెల్ల చేపపిల్లలు, అన్నం మీద గుట్టగా పోసి ఇస్తారు, ఒక్కో దానికి రెండు నల్ల చుక్కల్లా కళ్లు. కార్తీకం కాకపోయినా అన్ని కళ్లు నావైపు చూస్తుంటే తినలేకపోయేదాన్ని.

ఒడ్డున గద్ద బొమ్మ వేసి హెచ్చరిక బోర్డు పెట్టారు. మా అమ్మాయి "పైన చూస్కుంట తిను" అంది. నేను నవ్వాను. తాండూరులో గద్దలు లేవా ఏంటి, కోడిపిల్లలను ఎత్తుకుపోతాయి, మనిషి జోలికి రావు అనుకున్నాను. పూరీలో కూర పెట్టి మడిచి నోటి దాకా తెచ్చాను, వెనక నుంచి భుజం మీదుగా ఒక పెద్ద రెక్క తగిలినట్టయింది. అంతే. పూరీ లేదు. వేళ్లకు కూర మాత్రం ఉంది. ఎంత పెద్దగా అరిచానో, దూరాన కుక్కను తిప్పుతున్న ఆమె పరుగెత్తుకొచ్చింది. చేతికేమీ కాలేదని చూసి, వంగి వంగి దండాలు పెట్టింది, తన గద్దే అయినట్టు. మా అమ్మాయి ఇసుకలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. వచ్చిన తర్వాత ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. పూరీ పోతే పోయింది.

అక్కడి నుంచి పెద్ద బుద్ధుడి దగ్గరికి. కంచు విగ్రహం, పీఠం కాక పదకొండు మీటర్ల పైచిలుకు ఎత్తు, నూట ఇరవై టన్నుల బరువు. 1252లో పోత పోయడం మొదలుపెట్టారట. ఒకప్పుడు చుట్టూ పెద్ద మందిరం ఉండేది. గాలివానలకు రెండుసార్లు కూలిందని, ఆఖరికి పదిహేనో శతాబ్దం చివర సునామీలో కొట్టుకుపోయిందని చెప్తారు. అప్పటి నుంచి ఆయన ఎండలో, వానలో అలాగే కూర్చున్నాడు. మన హుస్సేన్‌సాగర్ బుద్ధుడు గుర్తొచ్చాడు. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే మునిగి, మనుషులు పోయి, రెండేళ్లు నీళ్లలో పడి ఉండి, 1992 డిసెంబర్‌లో నిలబడ్డాడు. ఒకాయన నీళ్లలోంచి లేచాడు, ఒకాయన నీళ్లొచ్చి ఇల్లు కొట్టుకుపోయినా కదల్లేదు.

ఆ బుద్ధుడి లోపలికి పోవచ్చు. కొంచెం డబ్బు కట్టి, పక్క నుంచి ఇరుకు మెట్లు ఎక్కితే పొట్టలో నిలబడతాం. బోలుగా, చీకటిగా ఉంటుంది. ముక్కలు ముక్కలుగా పోసి ఎలా అతికించారో లోపల నుంచి గీతలు కనిపిస్తాయి. బయట ప్రశాంతంగా కనిపించే ఆయన లోపలంతా అతుకులే.

అన్నిటికంటే నాకు నచ్చింది మాత్రం ఒక పక్క గోడకు వేలాడదీసిన గడ్డి చెప్పులు. మనిషంత పొడవు, ఆరడుగులు. 1951లో ఇబారాకి అనే ప్రాంతంలోని ఒక ఊరి పిల్లలు అల్లి ఇచ్చారు. యుద్ధం అయిపోయి దేశం చితికిపోయిన రోజులు. బుద్ధుడు ఈ చెప్పులు వేసుకుని దేశమంతా తిరిగి అందరికీ మంచి చేయాలని. అవి పాతబడితే కొత్తవి అల్లి తెస్తూనే ఉన్నారట. దేవుడికి కిరీటాలు చేయించేవాళ్లను చూశాను, నడవమని చెప్పులిచ్చిన పిల్లల సంగతి అక్కడే విన్నాను.

అప్పటికే రెండు దాటింది. "ఇంకొక్క గుడి ఉంది అమ్మా, దగ్గర్నే" అంది. మాట తేడాగా అనిపించింది. అడగలేదు.

హసేదేరా కొండ వాలులో ఉన్న గుడి. పైన పెద్ద మందిరంలో పదకొండు ముఖాల కన్నోన్, అంటే మన అవలోకితేశ్వరుడు, అక్కడ అమ్మవారిలా కొలుస్తారు. తొమ్మిది మీటర్ల పైన ఎత్తు, మొత్తం చెక్క, బంగారు పూత. 721లో ఒక సన్యాసి ఒకే కర్పూరం చెట్టు మొద్దులోంచి రెండు విగ్రహాలు చెక్కించి, ఒకటి అక్కడే ఉంచి, రెండోది అవసరమున్న చోటికి పోయి చేరమని సముద్రంలో వదిలాడట. పదిహేనేళ్లకు ఈ తీరాన తేలిందట. కథ ఎంత నిజమో గానీ, తల ఎత్తి ఆ ముఖం చూస్తే మెడ నొప్పి కూడా తెలియదు.

ఆ మందిరానికి పోయే మెట్ల దారిలో మధ్యలో ఉంది అసలు చోటు. చిన్న గుడి, దాని చుట్టూ రాతి బొమ్మలు. జానెడున్నర ఎత్తు, గుండు తలలు, చేతులు జోడించి, కళ్లు మూసుకుని. వరుసల మీద వరుసలు, లెక్కపెట్టలేం. దూరం నుంచి బడిపిల్లలు ప్రార్థనలో నిలబడ్డట్టుంది. ముద్దుగా ఉన్నాయని నేను ఫోన్ తీశాను.

"ఇవేంది బిడ్డా?"

"జిజో అంటరు అమ్మా. పుట్టకముందు పోయిన పిల్లలకు, పుట్టి పోయిన పిల్లలకు తల్లిదండ్రులు పెట్టిస్తరు."

ఫోన్ లోపల పెట్టాను.

జిజో అంటే క్షితిగర్భ బోధిసత్త్వుడు. ప్రయాణికులకు, పిల్లలకు దిక్కు. కడుపులోనే పోయిన పిల్లలను అక్కడ మిజుకో అంటారు, నీళ్ల బిడ్డ అని అర్థం. వాళ్ల కోసం పూజ చేయించడం 1970ల నుంచి బాగా పెరిగిందట. అమ్మానాన్నల కంటే ముందు పోయిన పిల్లలు అవతలి లోకం నది ఒడ్డున రాళ్లు పేరుస్తూ ఉంటారని, రాక్షసులు వచ్చి ఆ గుట్టలు పడగొడుతుంటారని, అప్పుడు జిజో వచ్చి పిల్లలను తన అంగీ చేతుల్లో దాచుకుంటాడని వాళ్ల నమ్మకం. అందుకే జపాన్‌లో చాలాచోట్ల ఈ బొమ్మల దగ్గర ఎవరో ఒకరు చిన్న రాళ్లు పేర్చి పోతారు, ఎర్ర టోపీలు, ఎర్ర గుడ్డలు కడతారు. పిల్లల పనిలో ఒక చెయ్యి వేసినట్టు, చలికి కప్పినట్టు. అక్కడా ఒక బొమ్మ కాళ్ల దగ్గర మూడు గులకరాళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

మా పక్కన ఒక జంట, ముప్పై లోపే ఉంటారు. ఆ పిల్లవాడు అగరొత్తులు వెలిగిస్తుంటే గాలికి ఆరిపోతోంది. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. ఏడవడం లేదు, మాట్లాడటం లేదు. పని చేసుకుంటున్నారు.

మా అమ్మాయి అడిగింది, "కోపమొచ్చిందా, ఇటు తీస్కొచ్చిన అని?"

"లే" అన్నాను. ఆ తర్వాత, అనుకోకుండానే, చెప్పేశాను. "నీకంటే ముందు నాకొక బిడ్డ ఉండె."

ఆమెకు తెలియదు. ఎవరమూ చెప్పలేదు. 1994, శ్రావణం. ఎనిమిదో నెల. రెండు రోజులు కదలిక లేదు. తాండూరులో చూసినామె మొహం చూసి నాకు అర్థమైంది. ప్యాసింజర్ బండిలో వికారాబాద్ తీసుకుపోయారు, అక్కడ ఆసుపత్రిలో రాత్రి కాన్పు అయింది. ఏడుపు వినపడలేదు. మా అత్తమ్మ నా తల అటు తిప్పి పట్టుకుని, "చూడకు బిడ్డా, చూస్తే మరువవు" అంది. మంచి మనిషే, మంచికే అంది. మా మామ, మా ఆయన తువ్వాలులో చుట్టి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి తలలు తడిగా వచ్చారు. స్నానం చేసి వచ్చారని తెలిసింది, ఎక్కడ పెట్టి వచ్చారో తెలియలేదు. చిన్న పిల్లలకు దినం ఉండదు, పేరు ఉండదు. మూడో రోజు అదే బండిలో తాండూరు వచ్చాం. నాకు పాలు పడ్డాయి. మల్లెపూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టారు. మీలో కొందరికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. మల్లెపూల వాసన నాకు ఇప్పటికీ పడదు. మా అమ్మాయి పెళ్లిలో నేను కనకాంబరాలు పెట్టుకుంటే అందరూ అడిగారు, తలనొప్పి అని చెప్పాను.

"ఆడపిల్లనా, మగపిల్లగాడా?" అంది.

"తెల్వదు."

"నాయనను అడగలేదా?"

"అడగలే. ముప్పై ఏండ్లయింది."

నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం అక్కడున్న బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. కింద సముద్రం కనిపిస్తోంది, పైన గద్దలు తిరుగుతున్నాయి. అప్పుడు చెప్పాను ఆమెకు, అలమారా దగ్గర నేనట్లా ఎందుకన్నానో. ఆచారం వల్ల కాదు. ఆ డబ్బా నా చేతిలో ఉన్నప్పుడు నాకు మొదట వచ్చింది ఈర్ష్య. నీకు దొరికింది, నాకు దొరకలేదు అని. కూతురి మీద, అట్లాంటి విషయంలో. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ మీ దగ్గర దాచి ఏం చేయను.

"తప్పయింది బిడ్డా" అన్నాను.

"ఊకో అమ్మా" అంది.

లేచేటప్పుడు ఆమె కింద వెతికి ఒక గులకరాయి తీసి, ఆ మూడు రాళ్ల పక్కన పెట్టింది. నేనూ ఒకటి వెతికాను. మా ఇంట్లో రాళ్లకు కొదవ లేదు. మా ఆయన ఇరవై ఏళ్లు షాబాద్ బండల పాలిష్ మిషన్ మీద పనిచేసి, తర్వాత సొంతంగా బండల కొట్టు పెట్టుకున్నాడు. నీలం బండ, పసుపు బండ, ఎంత మందం, ఏ గని, నేను కూడా చూసి చెప్పగలను. తాండూరు బండ గనిలో పొరలు పొరలుగానే ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే. అక్కడ మాత్రం ఒక చిన్న బల్లపరుపు రాయి కోసం చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

మళ్లీ ఎనోడెన్ ఎక్కి కామకుర కోకోమయె అనే స్టేషన్‌లో దిగాం. ప్లాట్‌ఫారం మీంచే ఎదురుగా సముద్రం. స్లామ్ డంక్ అనే కార్టూన్ సీరియల్‌లో అక్కడి రైల్వే గేటు కనిపిస్తుందట, ఎక్కడెక్కడి దేశాల పిల్లలో వచ్చి రైలు రాగానే ఫోటోలకు ఎగబడుతున్నారు. మన దగ్గర గేటు పడితే తిట్టుకుంటాం, వాళ్లు ఎప్పుడు పడుతుందా అని ఎదురు చూస్తున్నారు. సూర్యుడు దిగుతుంటే కుడి వైపు దూరంగా ఫుజి కొండ నల్లగా, కత్తిరించి అతికించినట్టు తేలింది. మా అమ్మాయి అల్లుడికి పంపడానికి వీడియో తీస్తానని గేటు దగ్గరికి పోయింది. నేను గోడ పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం ఒంటి గంట దాటింది.

"తిన్నరా?" అన్నాను.

"తింటున్న. ఎట్లుంది సముద్రం?"

"మంచిగుంది. ఒకటి అడుగుతా. చెప్తరా?"

"ఏంది?"

"వికారాబాద్ల మన బిడ్డ. ఆడపిల్లనా, మగపిల్లగాడా?"

అటు పక్క ఏమీ వినపడలేదు. ఫోన్ కట్ అయిందేమో అని చూసుకున్నాను. కాలేదు.

"ఆడపిల్ల" అన్నాడు. కొంచెం ఆగి, "జుట్టు బాగుండె" అన్నాడు.

ఎక్కడ పెట్టారు అని అడిగాను. స్టేషన్ దాటి, పట్టాల అవతల, వేప చెట్లుండే ఖాళీ జాగా అట. "ఇప్పుడు ఆడ ఇండ్లొచ్చినయి. నేను రెండు మూడు సార్లు పోయి చూసొచ్చిన. నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే." ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు పాపం, ఇంకేం మాట్లాడను. తినమని చెప్పి పెట్టేశాను.

నేను జనవరి మొదటి వారం దాకా అక్కడే ఉన్నాను. ఆ డబ్బా ఏం చేయాలో వాళ్లింకా అనుకోలేదు. ఇండియా వచ్చినప్పుడు తెస్తామంటారు ఒకరోజు, మా దగ్గరే ఉండనీ అంటారు ఇంకోరోజు. నేను ఏమీ అనలేదు. రోజూ ఇల్లు తుడిచేటప్పుడు ఆ పై అర కూడా నేనే తుడిచేదాన్ని, డబ్బా ఎత్తి, తుడిచి, మళ్లీ అదే చోట పెట్టి. కార్తీక పౌర్ణమి నాడు బాల్కనీలో మంట పెట్టడానికి వీల్లేదని బ్యాటరీ దీపాలు పెట్టుకున్నాం. దేవుడు ఏమనుకున్నాడో గానీ, చూడటానికి బాగానే ఉన్నాయి.

తాండూరు వచ్చిన వారానికి మా ఆయనే, "అనంతగిరి పోయొద్దామా, మొక్కుంది గదా" అన్నాడు. మొక్కేమీ లేదు, నాకు తెలుసు. వికారాబాద్‌లో దిగి, గుడికి పోయే ఆటో ఎక్కకుండా పట్టాలు దాటి నడిచాం. మూడు సందులు తిరిగాక ఒక చోట ఆగాడు. వేప చెట్లు లేవు. రెండంతస్తుల ఇల్లు, గేటు ముందు మునగ చెట్టు, వాకిట్లో పరిచినవి మా నీలం బండలే. ఆయన వంగి బండ మీద చెయ్యి పెట్టి చూశాడు, మందం చూస్తున్నట్టు.

లోపల నుంచి ఒకామె వచ్చి "ఎవరు గావాలె?" అని అడిగింది. చంకలో పిల్లుంది, ఏడాది లోపుది.

"ఎవరు లేరమ్మా, ఇల్లు తప్పినం" అన్నాడు మా ఆయన.

"ఎండల వచ్చిండ్రు, నీళ్లు తాగుతరా?" అంది. తాగాం. చెంబు తిరిగిచ్చేటప్పుడు ఆ పిల్ల నా గాజులు పట్టుకుని వదల్లేదు. ఆమె నవ్వుకుంటూ వేళ్లు విడిపించింది. పర్సులో ఆ కడిగిన వంద నోటు ఉంది, పిల్ల చేతిలో పెడదామనుకున్నాను, మళ్లీ ఏమనుకుంటుందో అని పెట్టలేదు. రెండున్నర బండికి ఇంటికొచ్చాం.